బొటనవేలి పిప్పిగోరు: క్రీమ్‌తో తగ్గట్లేదు, మాత్రలు తప్పవా?

వేపచెట్టు_వీధి:
అమ్మకి 61 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్, బీపీకి మెటోప్రొలాల్ వాడుతోంది. కుడికాలి బొటనవేలి గోరు పసుపు తిరిగి దళసరెక్కింది, అంచు కింద నుంచి పిండిలా రాలుతోంది. పక్కవేలికీ మొదలైంది. క్లోట్రిమజోల్ అనే ఫంగస్ క్రీమ్ నెలల తరబడి రాసినా ఫలితం లేదు. షాపులో టెర్బినాఫిన్ అనే ఫంగస్ మాత్ర వేసుకోమంటున్నారు. వేయొచ్చా? ఎన్నాళ్లు? గోటి మీద రంగులా పూసే మందు లక్కర్‌తో సరిపోదా?

స్లైడు_కింద:
ముందు అది ఫంగసేనని తేలనివ్వండి. పాడైన గోళ్లలో దాదాపు సగం ఫంగస్ వల్ల కాదు. సోరియాసిస్, బిగుతు చెప్పుల ఒరిపిడి కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి. కేఓహెచ్ పరీక్ష (గోటి పిండిని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి మైక్రోస్కోపులో చూడటం) చవకే, కానీ నమూనా తీయడంలోనే తేడా కొడుతుంది. గోరు చివర ముక్క కత్తిరించి ఇస్తే అందులో బతికున్న ఫంగస్ దొరక్కపోవచ్చు. ఊడిన భాగాన్ని కత్తిరించేసి, మంచి గోరు మొదలయ్యే చోటికి వీలైనంత దగ్గరగా, గోటి కింది పిండిని గీకి తీయాలి. అప్పటికీ నెగెటివ్ రావడం మామూలే. అనుమానం ఉంటే మళ్లీ చేయించండి, లేదా గోరు ముక్కని పీఏఎస్ రంగు పరీక్షకి (ఫంగస్‌కి రంగు పట్టించి మైక్రోస్కోపులో చూస్తారు) పంపించండి. కల్చర్‌కి, అంటే ల్యాబులో ఫంగస్‌ని పెంచి చూడ్డానికి, మూడు నాలుగు వారాలు పడుతుంది.

క్రీమ్ ఆపిన కొన్ని వారాలకి నమూనా ఇస్తే మేలు. అప్పటిదాకా గోరింటాకు వద్దు, ఆ ఎరుపులో అసలు రంగు కనపడదు. గోటి మీద నల్లటి నిలువు చార ఉంటే మాత్రం దాన్ని ఫంగస్ అనుకోకుండా వెంటనే డాక్టరుకి చూపించాలి.

మాత్ర_మోతాదు:
క్రీమ్ పనిచేయకపోవడంలో వింత లేదండి. ఫంగస్ ఉండేది గోటి కింద, దళసరి గోరు దాటి క్రీమ్ అక్కడికి చేరదు.

పరీక్షలో తేలితే టెర్బినాఫిన్ 250 మి.గ్రా. రోజుకొకటి: చేతి గోళ్లకి 6 వారాలు, కాలి గోళ్లకి 12 వారాలు. మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడాలి. లివర్ జబ్బు ఉన్నవాళ్లకి ఇవ్వరు. మీ విషయంలో చూసుకోవాల్సింది మెటోప్రొలాల్. టెర్బినాఫిన్ దాన్ని శరీరంలో త్వరగా కరగనివ్వదు, నాడి మరీ నెమ్మదించి కళ్లు తిరగొచ్చు. బీపీ డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకండి. నాలుక రుచి పోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్ర ఆపి చూపించాలి.

రెండో దారి ఇట్రాకొనజోల్: 200 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, నెలలో ఒక వారం, కాలికైతే మూడు నెలలు. అటోర్వాస్టాటిన్‌తో అది పడదు, కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి అసలు వద్దు. పైగా ఆ క్యాప్సూల్ భోజనంతోనే వేసుకోవాలి, గ్యాస్ మాత్ర వేసుకుంటే ఒంటికి పట్టదు. మీ అమ్మగారికి దీనికంటే టెర్బినాఫినే నయం.

పైపూత:
లక్కర్ ఒక్కదానితో సరిపోవాలంటే ఒకటి రెండు గోళ్లే ఉండాలి, అదీ చివరి సగంలోనే, మొదలు దాకా పాకకూడదు. అమోరాల్ఫిన్ 5 శాతం వారానికి ఒకటి రెండు సార్లు, కాలి గోటికి 9 నుంచి 12 నెలలు. గోరు పొట్టిగా కత్తిరించి, పైపొర ఆకురాయితో అరగదీసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక పూయాలి. మళ్లీ పూసేటప్పుడు పాత పూత స్పిరిట్‌తో తీసేసి మొదటి నుంచీ ఇదంతా చేయాలి. చాలామంది అరగదీయడం మానేసి రంగు వేసినట్టు పూత మీద పూత వేస్తారు, దాంతో మందు లోపలికి దిగదు. ఆ ఆకురాయి మంచి గోళ్లకి వాడొద్దు.

గోటిలో మొదలు వైపు సాగిన పసుపు గీత కనపడితే అది గట్టిగా ముద్దకట్టిన ఫంగస్. మాత్రలకీ లొంగదు, దాన్ని కత్తిరించి తీయించాలి. షుగర్ ఉంది కాబట్టి ఇంట్లో బ్లేడుతో ప్రయత్నించకండి.

వేపచెట్టు_వీధి:
12 వారాలయ్యాక కూడా గోరు పసుపుగానే ఉంటే కోర్సు పొడిగించాలా?

మాత్ర_మోతాదు:
అప్పటికి పసుపుగానే ఉంటుందండి. కాలి గోరు నెలకి ఒకటి, ఒకటిన్నర మి.మీ. కంటే పెరగదు, బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి 12 నుంచి 18 నెలలు. మాత్ర ఆపాక కూడా మందు నెలల పాటు గోటిలో ఉంటుంది. మొదలుపెట్టే రోజే మంచి గోరు, పాడైన గోరు కలిసే చోట ఆకురాయితో సన్నగా అడ్డగీత గీయమని డాక్టరుని అడగండి. ఆ గీత ముందుకి జరుగుతూ, దాని వెనక పుట్టేది శుభ్రంగా ఉంటే మందు పనిచేస్తున్నట్టే. పసుపు రంగు ఆ అడ్డగీతని దాటి వెనక్కి పాకితేనే ఆలోచించాలి. ప్రయోగాల్లో టెర్బినాఫిన్‌తో నూటికి 70 మందికి ఫంగస్ పోయింది, గోరు పూర్తిగా మామూలైంది మాత్రం 40 మంది లోపే.

పైపూత:
వేళ్ల సందులు కూడా చూడండి. తెల్లగా నాని పొర లేస్తుంటే అక్కడా ఫంగసే, అది వదిలేస్తే గోటికి మళ్లీ అంటుకుంటుంది. దానికి టెర్బినాఫిన్ క్రీమ్ పనిచేస్తుంది. క్లోబెటాసోల్ అనే స్టెరాయిడ్ కలిసిన మూడు నాలుగు మందుల ట్యూబు ఇస్తే మాత్రం తీసుకోకండి. దురద ఆగుతుంది, ఫంగస్ లోపల పెరుగుతూనే ఉంటుంది. ఆవిడ గోళ్ల కత్తెర విడిగా పెట్టండి, పాత మూసుడు చెప్పులు పారేయండి. గోటి పక్క ఎర్రబడి వాచినా, చీము పట్టినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.