రాష్ట్రానికి ఎస్‌డీజీ స్కోరు 74, మరి బోరుకెంత? అనంతపురం పంచాయతీలకు ఈ లక్ష్యాలతో పనుందా?

పెన్నాఒడ్డు:
2015లో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు (ఎస్‌డీజీలు) పెట్టింది, గడువు 2030. మన దేశంలో వాటి పర్యవేక్షణ నీతి ఆయోగ్‌ది. దాని 2023-24 సూచీలో నూటికి దేశానికి 71, ఆంధ్రప్రదేశ్‌కు 74. 65 దాటితే ‘ఫ్రంట్ రన్నర్’ అంటారు కాబట్టి మనం ముందు వరసలో ఉన్నట్టే. ఇక్కడ చూస్తేనేమో ఎండాకాలం రాగానే కుళాయి సన్నబడుతుంది, ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరస కడతాయి.
పంచాయతీ స్థాయికి ఇవే లక్ష్యాలను 9 ఇతివృత్తాలుగా కుదించారు. గ్రామసభలో ఒకటో రెండో ఎంచుకుని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో సంకల్పంగా రాయాలి. కరువు పల్లెలు ‘నీరు సమృద్ధిగా ఉన్న గ్రామం’ ఎంచుకోవడంలో వింతేం లేదు. అలా రాస్తే ఊరికి నీళ్లొస్తాయా, పోర్టల్లో గడి నిండుతుందా? నాకైతే రెండోదే అనిపిస్తోంది.

బురుజుకింద_కర్నూలు:
సూచీని తిట్టే ముందు అది దేనికో చూడండి. అది రాష్ట్రాలను పోల్చడానికి, మీ ఊరి బోరు చూడటానికి కాదు. మొత్తం స్కోరు ఒక్కటే కాదు, లక్ష్యం వారీగా కూడా ఇస్తారు. ఆరో లక్ష్యం నీళ్లది. అందులో భూగర్భ జలం ఎంత తోడుతున్నామన్న సూచిక కూడా ఉంది. 74 చూసి సంబరపడేది మనం, తప్పు సూచీదా?

పెన్నాఒడ్డు:
తప్పు సగటుదన్నా. లక్ష్యాల స్కోర్లన్నిటికీ మామూలు సగటు తీస్తారు. ఒకదాంట్లో 100, ఇంకోదాంట్లో 40 వస్తే 70, రాష్ట్రం పాస్. గుణోత్తర సగటు (రెంటినీ గుణించి వర్గమూలం) తీస్తే అదే 63కు పడుతుంది. మానవాభివృద్ధి సూచీ 2010లోనే ఆ పద్ధతికి మారింది. కరెంటు, గ్యాస్ కనెక్షన్లు చూసే ఏడో లక్ష్యంలో చాలా రాష్ట్రాలు 100 కొట్టాయి. ఆ నూరు నీళ్ల లోటును కప్పేస్తుంది. పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు రైతుకు అవసరమే, కాదనను. కానీ ఆ కరెంటు ఎన్ని నీళ్లు తోడిందో ఏడో లక్ష్యం అడగదు.

తూము_లస్కరు:
సూచీ గొడవ పక్కనపెట్టి ఒక ఊరి లెక్క వేద్దాం. ఇది కాగితం మీద ఊరు: 3,000 ఎకరాలు, 3,000 మంది జనం.
ఎకరం మీద 1 మి.మీ. వాన అంటే 4,047 లీటర్లు. మన సగటు వాన 550 మి.మీ. అనుకుంటే ఊరి మీద పడేది దాదాపు 668 కోట్ల లీటర్లు. మనది గ్రానైటు నేల. భూగర్భ జలాల అంచనా పద్ధతి ప్రకారం ఇలాంటి చోట ఇంకేది 8 నుంచి 11 శాతం. పదే అనుకోండి, 67 కోట్లు. అందులో పదోవంతు సహజంగా వాగుల్లోకి పోతుందని తీసేస్తే 60 కోట్లు.
జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. 3,000 మందికి ఏడాదికి 6 కోట్లు. మిగిలింది 54 కోట్లు.
ఇప్పుడు పంట. వరి ఎకరానికి 1,200 మి.మీ. అంటే 48.5 లక్షల లీటర్లు. బోరు కింద వేరుశనగ 500 మి.మీ. అంటే 20 లక్షలు. ఆ 54 కోట్లతో వేరుశనగ 270 ఎకరాలు పండుతుంది, వరి 110 ఎకరాలతో సరి. ఊళ్లో 200 ఎకరాల వరి వేశారంటే 97 కోట్లు తోడాలి. ఆ లోటే మార్చిలో కుళాయి దగ్గర కనపడేది.
ఇంకోటి గమనించండి. ఊరంతా ఏడాది తాగి, వండి, స్నానాలు చేసే నీళ్లు 12 ఎకరాల వరికి సమానం. అంటే తాగేవాళ్ల వల్ల బోరు ఎండటం లేదు. 100 శాతం కుళాయిలు బిగించారని ఊరికి నీళ్లున్నట్టూ కాదు.

గణితం_మాస్టారు:
లెక్క బాగుంది గానీ ఒకటి వదిలేశారు. వరి మడిలో పెట్టిన నీళ్లలో కొంత తిరిగి ఇంకుతుంది. నీటి మట్టం 25 మీటర్లకన్నా లోతుంటే వరికి 20 శాతం, ఆరుతడికి 5 శాతం తిరిగొస్తాయని అదే అంచనా పద్ధతి చెబుతుంది. 97 కోట్లలో 20 శాతం తీసేయండి.

తూము_లస్కరు:
ఒప్పుకున్నా మాస్టారూ. దాదాపు 78 కోట్లు అవుతుంది, ఉన్నది 54. దిద్దినా లోటు లోటే. పైగా నేను వేసింది సగటు వాన. 350 మి.మీ. సంవత్సరంలో తాగునీళ్లు తీసేస్తే మిగిలేది 32 కోట్లే.

చిత్రావతి_పాప:
ఇలా లెక్క కట్టడం మన జిల్లాకు కొత్త కాదప్పా. 2003లో మొదలైన రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు అనంతపురం, కడప, కర్నూలుతో సహా 7 జిల్లాల్లో రైతుల చేతే వానమానిని, గమనింపు బావుల మట్టాలను చదివించింది. రబీకి ముందు పంట నీటి బడ్జెట్ వేసి గోడ మీద రాసేవాళ్లు. ఫలానా పంట వేయొద్దని ఎవరినీ అనలేదు, లెక్క చూపించారంతే. ఆ తర్వాత కేంద్రం తెచ్చిన భూగర్భజల పథకం అటల్ భూజల్ యోజన 7 రాష్ట్రాలకిచ్చారు, అందులో మనం లేం.

బురుజుకింద_కర్నూలు:
సరే, లెక్క ఎవరు కడతారు? ఆ 9 ఇతివృత్తాల మీద పంచాయతీలకు మార్కులిచ్చే సూచీకి మొదటి విడతలో 566 డేటా అంశాలు నింపాల్సొచ్చింది. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు, వ్యవసాయ అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు ఉన్నా ఒకరి అంకె ఇంకొకరికి తెలియదు. గడువు రోజు నిరుటి అంకెనే మళ్లీ ఎక్కిస్తారు.
కడపను చూడండి. 2018లో, వెనకబడిన జిల్లాల కోసం కేంద్రం పెట్టిన ఆకాంక్షిత జిల్లాల్లో చేరింది. 49 సూచికలు, నెలనెలా మార్పు మీద ర్యాంకు. ఆరోగ్యం, చదువు చెరో 30 మార్కులు. నెలకోసారి నిలదీస్తారు కాబట్టి అధికారి కదులుతాడు. ర్యాంకుకు ఆ బలముంది.

చిత్రావతి_పాప:
ఆ 49లో వ్యవసాయం, నీళ్లు కలిపి 20 మార్కులు. అందులో నీళ్లకు చూసేది డ్రిప్ కింద ఎంత విస్తీర్ణం వచ్చిందని, ఉపాధి హామీలో ఎన్ని చెరువులు బాగుచేశారని. బోరు మట్టం కాదు. డ్రిప్‌తో మిగిలిన నీళ్లు భూమిలో ఉండవు, పక్కనే ఇంకో రెండెకరాల చీనీ (బత్తాయి) తోటకు పోతాయి. సూచిక పెరుగుతుంది, బోరు దిగుతుంది.
నీటికుంటల లెక్కా అంతే. 10×10×2 మీటర్లంటే 200 ఘనపు మీటర్లని రాస్తారు. గట్లు ఒకటికి ఒకటి వాలు తీస్తే అడుగు 6×6 అవుతుంది, పట్టేది 130. మూడోవంతు నీళ్లు కాగితం మీదే.

పెన్నాఒడ్డు:
అంటే సంకల్పం వద్దనా మీ మాట?

తూము_లస్కరు:
వద్దని కాదు, సంకల్పంలో రాసే వాక్యం మారాలి. ‘ఇంటింటికీ కుళాయి’ అని కాకుండా ‘ఏప్రిల్లో ఆఖరి ఇంటికి 55 లీటర్లు’ అని రాయండి. కొలవడానికి మిషన్లేం అక్కర్లేదు. ఐదుగురున్న ఇంటికి రోజుకు 275 లీటర్లు కావాలి. గంట సేపు వదులుతారనుకుంటే నిమిషానికి నాలుగున్నర లీటర్ల పైన రావాలి, 20 లీటర్ల బకెట్టు 4 నిమిషాల 20 సెకన్లలో నిండాలి. ట్యాంకు పక్కింట్లో కొలవద్దు, లైను చివర ఇంట్లో కొలవండి. ఆ రోజే ఫ్లోరైడు కూడా చూడండి. నీళ్లు లోతుకు పోయేకొద్దీ గ్రానైటు నేలల్లో అది పెరుగుతుంది. లీటరుకు 1 మి.గ్రా. దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా.
డబ్బు సంగతి: 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం షరతుతో వచ్చినవే, అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణకు. ఆ సగం మోటార్ల రిపేర్లకే పోతే ఇంకుడు పనులకు ఏం మిగులుతుంది?

గణితం_మాస్టారు:
ఇంకో చట్టం ముక్క. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల కొత్త సాగు బోరు వేయకూడదు. ప్రతి పంచాయతీ ట్యాంకు బోరు చుట్టూ ఆ వలయం గీసి గ్రామసభలో పటం పెడితే చాలు, సగం తగువు అక్కడే బయటపడుతుంది.

బురుజుకింద_కర్నూలు:
పెట్టండి. ఆ వలయంలో మొదటి బోరు సర్పంచి బావమరిదిదని తేలుతుంది. పటం ఎవరు చింపుతారో కూడా ముందే రాసిపెట్టుకోండి.

చిత్రావతి_పాప:
అందుకే గోడ మీద రాసేవాళ్లన్నా, కాగితం మీద కాదు.