నాన్న కోసం నెలకి సరిపడా వండి ఫ్రీజర్‌లో పెట్టాలి, ఏవి ఆగుతాయి?

తెనాలి_అమ్మాయి: నాన్న తెనాలిలో ఒక్కరే ఉంటారు, షుగర్ ఉంది. వంటమనిషి మానేసింది. నేను హైదరాబాద్ నుంచి నెలకోసారి వెళ్లి రెండ్రోజులు వండి, పూటకో డబ్బా చొప్పున ఫ్రీజర్‌లో పెట్టి వస్తున్నాను. ఏవి బాగుంటాయి, ఎలాంటి డబ్బాలు వాడాలి? పోయినసారి బంగాళదుంప కూర స్పాంజి ముక్కల్లా అయిపోయింది, పారేశారట.

పప్పుచారు_ప్రియ: దుంపలు ఎవరైనా పెడతారా! సొరకాయ, దోసకాయ కూడా నీళ్లోడతాయి. పాలకూర పప్పు, గోంగూర పప్పు గట్టిగా వండి, పోపు వేయకుండా పెట్టండి. తినే ముందు పోపు పెడితే అప్పుడే దించినట్టుంటుంది.

డల్లాస్_బావ: పదకొండేళ్లుగా ఆదివారం వండి వారమంతా తింటున్నాను. చింతపండు గుజ్జు ఐస్ ట్రేలో పోస్తా. అన్నం కూడా కప్పున్నర చొప్పున పెడతా. రెండు చెంచాల నీళ్లు చల్లి మైక్రోవేవ్‌లో వేడి చేస్తే పొగలు కక్కుతూ వస్తుంది.

వంటింటి_పెద్దమ్మ: అన్నం కూడానా! కుక్కర్ పెట్టుకోడానికి కూడా బద్ధకమేనా బాబూ? నిలవ అన్నం విషం అనేవారు మా అత్తగారు.

డల్లాస్_బావ: మరి చద్దన్నం ఎందుకు తిన్నారు మీ అత్తగారు?

వంటింటి_పెద్దమ్మ: చద్దన్నం మజ్జిగలో పులుస్తుంది. మీది ఆ పెట్టెలో ఎండుతుంది. రెండూ ఒకటేనా? పెద్దవాళ్ల మీదికెళ్లకండి.

ల్యాబ్_రావు: నేను ఫుడ్ మైక్రోబయాలజీ చదివి, ఇరవై ఏళ్లు ల్యాబ్‌లో పనిచేశాను. ఇద్దరూ సగం సగమే చెబుతున్నారు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అన్నం ఉడికినా దాని బీజాలు చావవు. అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అవి పెరిగి విషం తయారు చేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. పళ్లెంలో పల్చగా పరిచి త్వరగా చల్లార్చి, రెండు గంటల్లోపు మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే భయం లేదు. ఫ్రీజర్ క్రిముల్ని చంపదు, ఆపుతుంది అంతే.

వంటింటి_పెద్దమ్మ: ఎప్పుడైనా గరిటె పట్టారా రావుగారూ?

ల్యాబ్_రావు: మా ఇంట్లో వంట నాదే.

షుగర్_సోదరుడు: చల్లారిన అన్నం షుగర్‌కి మంచిదని విన్నాను. ఇక రెండు కప్పులు లాగించొచ్చా?

ల్యాబ్_రావు: చల్లారితే కొంత పిండి పదార్థం తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది, నిజమే. అలాగని కప్పులు పెంచకండి.

కరెంటు_కష్టం: ఇవన్నీ సరే, కరెంటు పోతేనో? మొన్న గాలివానకి మాకు ఒకటిన్నర రోజు లేదు. మా ఆయన గంటకోసారి తలుపు తీసి "కరిగాయా?" అని చూస్తూ కూర్చున్నారు. ముప్పై డబ్బాలు డ్రైనేజీ పాలు.

ల్యాబ్_రావు: ఆ తలుపు తీయడమే కొంప ముంచింది. నిండా ఉన్న ఫ్రీజర్ మూసే ఉంచితే దాదాపు 48 గంటలు ఆగుతుంది. సగం ఖాళీగా ఉంటే 24.

కరెంటు_కష్టం: ఆ ముక్క మా ఆయనకి చెప్పండి.

తెనాలి_అమ్మాయి: డబ్బాల సంగతి ఎవరూ చెప్పరేం?

పప్పుచారు_ప్రియ: ఏదైనా సరే, మూత గట్టిగా ఉండాలి. నేను గాజు సీసా నిండా రసం పోస్తే గడ్డకట్టి పగిలింది, అంగుళం ఖాళీ వదలండి. చేపల పక్కన ఇడ్లీలు మాత్రం వద్దు. మా పాప ఇంకా దెప్పుతోంది.

డల్లాస్_బావ: ఇడ్లీలైతే మూడేసి చొప్పున పెట్టి, మైక్రోవేవ్‌లో...

తెనాలి_అమ్మాయి: నాన్న దగ్గర మైక్రోవేవ్ లేదండీ.

డల్లాస్_బావ: ముందే చెప్పొద్దూ!

పప్పుచారు_ప్రియ: ఫర్వాలేదు. ఇడ్లీలు నేరుగా ఇడ్లీపాత్రలో ఆవిరికి పెట్టొచ్చు. పప్పు డబ్బా మాత్రం ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించుకోమనండి. పొద్దున గిన్నెలో పోసి బాగా మరగనివ్వాలి.

వంటింటి_పెద్దమ్మ: ఇంత యాతన ఎందుకమ్మా, తెనాలిలో ఇంటింటికీ క్యారేజీలు ఇచ్చేవాళ్లు దొరకరూ?

తెనాలి_అమ్మాయి: పెట్టి చూశాం పెద్దమ్మగారూ. కూరలో చక్కెర వేస్తున్నారని నాన్న మూడోరోజే మానేశారు.