ఇంగ్లిష్‌లో క్యాపిటల్ లెటర్ ఎక్కడ పెట్టాలి? సోమవారంలోపు ఉద్యోగం లెటర్ పంపాలి

గాజువాక అమ్మాయి:
అందరికీ నమస్తే. డిగ్రీ దాకా తెలుగు మీడియమే చదివాను. ఒక హోటల్లో ఫ్రంట్ ఆఫీస్ ఉద్యోగానికి లెటర్ రాసి మా బావగారికి చూపిస్తే, ఒక్క పేజీలో 14 చోట్ల ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు, అన్నీ క్యాపిటల్ తప్పులేనట. ఫాదర్, మేనేజర్, హోటల్, ఎక్స్‌పీరియన్స్ అన్నిటికీ పెద్ద అక్షరం పెట్టాను, ముఖ్యమైన మాటలే కదా అని. ఇంగ్లిష్, తెలుగు అన్న మాటలకేమో చిన్నవి పెట్టాను. వాక్యం మొదట్లో, మనుషుల పేర్లకి పెద్దది రావాలని తెలుసు. మిగతావి ఎలా తేల్చుకోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

ఎంవీపీ ట్యూషన్ టీచర్:
ముఖ్యమైన మాట అనుకోవడం దగ్గరే వస్తోందమ్మా చిక్కు. మనం నాన్నకి గారు తగిలిస్తాం, ఆ మర్యాదే ఇంగ్లిష్‌లో చూపించాలని ఫాదర్‌కి పెద్ద ఎఫ్ పెట్టేస్తాం, నా దగ్గరికొచ్చే పిల్లలూ ఇదే చేస్తారు. పెద్ద అక్షరం గౌరవానికి కాదు, పేరుకి. ‘మై ఫాదర్’ అంటే వరస, చిన్న ఎఫ్ చాలు. ‘థాంక్యూ, ఫాదర్’ అని నేరుగా పిలిస్తే అది పేరులాంటిదే, పెద్ద ఎఫ్.

మన ఊళ్ళోనే చూడు. ఆంధ్రా యూనివర్సిటీ అంటే 1926లో పెట్టిన ఆ ఒక్కదాని పేరు, రెండు మాటలకీ పెద్దవే. తర్వాతి వాక్యంలో ఉత్త యూనివర్సిటీ అంటే చిన్న యు. డాల్ఫిన్స్ నోస్ కొండ పేరు కాబట్టి పెద్ద డి, పెద్ద ఎన్, నిజం డాల్ఫిన్ ముక్కు గురించి రాస్తే రెండూ చిన్నవి. ఈస్ట్ పాయింట్ కాలనీలో ఈస్ట్‌కి పెద్ద ఇ, సూర్యుడు ఉదయించే తూర్పుకి చిన్న ఇ.

సీతమ్మధార:
వారాలు, నెలలు, పండగలకి పెద్దవి, సమ్మర్, వింటర్‌లకి చిన్నవి. భాషలకి ఎప్పుడూ పెద్దవే, కాబట్టి సబ్జెక్టులు రాసేటప్పుడు ఇంగ్లిష్‌కి పెద్ద ఇ, మ్యాథ్స్‌కి చిన్న ఎం. నేను అనే ‘ఐ’ వాక్యం మధ్యలో వచ్చినా పెద్దదే.

వన్ టౌన్ ప్రెస్:
సీసం అక్షరాలు పేర్చిన చేతులు నావి. ఇంగ్లిష్‌కి రెండు పెట్టెలుండేవి, పై పెట్టెలో పెద్దవి, కింది పెట్టెలో చిన్నవి, అప్పర్ కేస్, లోయర్ కేస్ అన్న పేర్లు అలా వచ్చినవే. తెలుగు అక్షరాల్లో ఈ తేడాయే లేదు, అందుకే మనకి తడబాటు. సిగ్గుపడకు తల్లీ, ఒకప్పుడు ఇంగ్లిష్‌వాళ్ళూ నామవాచకాలకి విరివిగా పెద్దవి పెట్టారు, 1787 నాటి అమెరికా రాజ్యాంగం రాతప్రతిలోనూ అలాగే ఉంటుంది. జర్మన్‌లో ఇప్పటికీ ప్రతి నామవాచకానికీ పెద్దదే.

ఒక్క మాట, మేనేజర్ అన్ని చోట్లా చిన్న ఎం కాదు. లెటర్ పైన ‘టు ద మేనేజర్’ అని అడ్రస్ రాసే చోట పెద్ద ఎం ఉంచు. లోపల, ఫలానా చోట అసిస్టెంట్ మేనేజర్‌గా చేశాను అంటే రెండూ చిన్నవి.

గాజువాక అమ్మాయి:
టీచర్ గారూ, పేరా కాదా అని అడుగుతూ చదివితే నాకే 12 దొరికాయండి! హోటల్‌కి మాత్రం, వాళ్ళ పూర్తి పేరు రాసిన చోట పెద్ద హెచ్ ఉంచాను. చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’లో రెండూ పెద్దవా?

ఎంవీపీ ట్యూషన్ టీచర్:
వై పెద్దది, ఎఫ్ చిన్నది. ఆ తర్వాత కామా మర్చిపోకు.