1934లో బెర్లిన్‌లో పోయినవారి మరణ రికార్డు తెప్పించుకోవడం ఎలా?

పాతకాగితం:
యూరప్‌లోని భారత విప్లవకారుల మీద వ్యాసం రాస్తున్నాను. చెంపకరామన్ పిళ్ళై 1934 మేలో బెర్లిన్‌లో పోయారు. తేదీ ఒకచోట 26 అని, ఇంకోచోట 28 అని ఉంది. నేను బంధువుని కాను, జర్మన్ అంతంతమాత్రం. రికార్డు ఇస్తారా? మొదటి ప్రపంచయుద్ధంలో బెర్లిన్ దగ్గరి వూన్స్‌డార్ఫ్ యుద్ధఖైదీల శిబిరంలో చనిపోయిన మన సిపాయిల వివరాలూ కావాలి.

కరణంగారు:
బంధుత్వం అక్కర్లేదండి. 2009 జనవరి 1న అమల్లోకొచ్చిన జర్మన్ చట్టం ప్రకారం మరణ రిజిస్టరుకు 30 ఏళ్ళు, పెళ్ళి రిజిస్టరుకు 80, జననానికి 110 ఏళ్ళు గడువు. అది దాటాక రిజిస్టరు ఆర్కైవ్‌కి చేరుతుంది, ఎవరైనా అడగొచ్చు.

అసలు చిక్కు ఆఫీసు దగ్గర. చావు నమోదయ్యేది మనిషి కాపురమున్న చోట కాదు, పోయిన చోట. ఆసుపత్రిలో పోతే ఆ ఆసుపత్రి ఏ స్టాండెస్‌ఆమ్ట్ (జనన మరణాల నమోదు ఆఫీసు) పరిధిలో ఉందో అక్కడ వెతకాలి. బెర్లిన్‌లో అప్పట్లో అలాంటి నమోదు ఆఫీసులు బోలెడు. "బెర్లిన్‌లో చనిపోయారు, వెతికి పెట్టండి" అని ఈమెయిల్ పెడితే పని జరగదు, జరిగినా వెతుకులాటకు విడిగా రుసుం పడుతుంది.

కాబట్టి ముందు పోయిన చోటు తేల్చుకోండి. అప్పటి పత్రికల్లో వచ్చిన మరణవార్తలు చూడండి. ఇంటి చిరునామాకు బెర్లిన్ అడ్రస్ పుస్తకాలు నగర గ్రంథాలయం సైట్లో ఉచితంగా ఉన్నాయి. తర్వాత పాత రిజిస్టర్లు చేరే బెర్లిన్ లాండెస్‌ఆర్కీవ్ (రాష్ట్ర ఆర్కైవ్) సైట్లో ఆ ఆఫీసు, ఆ ఏడు మరణాల పేర్ల సూచిక తెరిచి, పేరు పక్కనున్న నంబరు రాసుకోండి. ఆఫీసు పేరు, ఏడు, నంబరు మూడూ ఉంటే ఈమెయిల్ రెండు వాక్యాలు చాలు. ఆన్సెస్ట్రీ అనే వంశవృక్షాల సైట్లోనూ బెర్లిన్ రిజిస్టర్ల స్కాన్లు ఉన్నాయి, కాకపోతే డబ్బు కట్టాలి.

మరణ ధ్రువపత్రం అడక్కండి, అందులో నాలుగు ముక్కలే ఉంటాయి. మార్జిన్ రాతలతో సహా రిజిస్టర్ పేజీ నకలు అడగండి. చావు కబురు ఆఫీసుకు చెప్పింది ఎవరో ఆ పేజీలోనే తెలుస్తుంది.

గొలుసురాత:
తేదీ సంగతి చూడండి. పేజీ పైన ఉండేది నమోదు చేసిన తేదీ. పోయిన తేదీ కింద వాక్యంలో, చాలాసార్లు అంకెల్లో కాక అక్షరాల్లో ఉంటుంది. 1934 మే 26 శనివారం, 28 సోమవారం. శనివారం పోయి సోమవారం నమోదై ఉంటే రెండు తేదీలూ ఒకే కాగితం నుంచి పుట్టి ఉండొచ్చు. ఇది ఊహే, పేజీ చూస్తేగానీ తేలదు.

చేతిరాత పాత జర్మన్ గొలుసురాత. అందులో 'ఇ' (e) అచ్చం 'ఎన్' (n)లా కనిపిస్తుంది, 'యు' (u) మీద చిన్న వంపు గీత ఉంటుంది. అచ్చు ఫారం మాటలు ముందు చదివి, వాటి మధ్య ఖాళీల్లో రాసింది పోల్చుకుంటూ వెళ్తే తేలిక. చావుకు కారణం మాత్రం ఆశించకండి. అది రిజిస్టర్లోకి వచ్చింది 1938 జూలై నుంచే.

పాతకాగితం:
'పిళ్ళై' కింద పేరు దొరక్కపోతే?

గొలుసురాత:
'చెంపకరామన్' కిందా చూడండి. గుమాస్తాకు మన ఇంటిపేరేదో తెలియదు, విన్నది రాసుకుంటాడు. 'చ' శబ్దాన్ని జర్మన్లు 'టి' తో మొదలెట్టి నాలుగక్షరాల్లో (Tsch) రాస్తారు కనుక ఆ వరసా వదలకండి. సూచికలో మొదటి అక్షరం వరకే వరస కలిసి, లోపల నమోదైన క్రమంలో ఉండొచ్చు. ఆ అక్షరం పేజీలన్నీ తిప్పాల్సిందే.

బారకాసు:
సిపాయిలకు ఈ దారి పట్టకండి. వూన్స్‌డార్ఫ్‌లో పోయినవాళ్ళ సమాధులు పక్కనే జెహ్రెన్స్‌డార్ఫ్ భారతీయ శ్మశానంలో ఉన్నాయి. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం సైట్లో ఆ శ్మశానం పేరుతో వెతికితే పేరు, రెజిమెంటు, సర్వీసు నంబరు, తేదీ వస్తాయి. వాటితో జెనీవా రెడ్‌క్రాస్ వారి 1914-18 ఖైదీల కార్డులు చూడండి. కార్డు మీద 'పిఎ' అని ఉన్న నంబరు అసలు జాబితా పేజీది. కార్డు చూసి ఆగిపోతే సగమే దొరికినట్టు. 1917లో చాలామందిని రొమేనియాకు తరలించారు, అక్కడ పోయినవాళ్ళు ఈ శ్మశానం జాబితాలో ఉండరు.

మీ వ్యాసంలో మన హైదరాబాదు విప్లవకారుడు చట్టో, అదే వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ, ఉంటే బెర్లిన్‌లో వెతక్కండి. ఆయన్ని 1937లో సోవియట్ ప్రభుత్వం మరణశిక్ష వేసి చంపింది. ఆ కాగితాలకు రష్యా ఆర్కైవ్‌లనే అడగాలి.