లేబుల్ మీద ‘కొవ్వొత్తి’ అని వేయాలా, ‘మోంబత్తి’ అని వేయాలా?

మిర్యాలగూడ_మైనం:
సభ్యులందరికీ నమస్కారం. మిర్యాలగూడలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఏడాదిగా సోయా మైనంతో సువాసన దీపాలు పోస్తున్నాను. నాతోపాటు మా వీధివారే ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తారు. ఇంతవరకు చేతితో రాసిన చీటీలు అంటించి అమ్మాను. దసరాకు ముందే వెయ్యి లేబుళ్లు అచ్చు వేయించాలని ఉంది. 200 గ్రాముల మైనం పట్టే గాజు సీసా ముందువైపు తెలుగు పేరు పెద్దగా కనిపించాలన్నది నా కోరిక. అయితే మొన్న ఒక పెద్దావిడ ‘కొవ్వొత్తి’ అన్న మాట చదివి, ఇందులో కొవ్వు కలుస్తుందా, దేవుడి గదిలో పెట్టవచ్చా అని అడిగి, సీసాను తిరిగి బల్ల మీదే పెట్టి వెళ్లిపోయారు. మా ఇళ్లలో అందరం మోంబత్తి అనే అంటాం. ఏ మాట వేయించాలి?

పాలమూరు_గంప:
రెండూ వద్దండి. మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు ఇళ్లలో తయారైన సామాను కొని హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో జరిగే సంతల్లో తొమ్మిదేళ్లుగా అమ్ముతున్నాను. ముందువైపు తెలుగు కనిపిస్తే చాలు, అదే సరుకును ధర తగ్గించి అడుగుతారు. ఇది చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది కాని, బల్ల వెనుక నిలబడి చూస్తున్నదే చెబుతున్నాను. ముందు ఇంగ్లిష్ ఉంచి, తెలుగును వెనక్కి పంపండి.

దేవరకొండ_బడి:
పోచంపల్లి అని ఊరి పేరు చెబితేనే చీరకు ధర పలుకుతున్నప్పుడు, దీపానికి మాత్రం తెలుగు ఎందుకు బరువవుతుందో నాకు అర్థం కాలేదు.

పాలమూరు_గంప:
పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, దాని వెనుక తరాల నేత ఉంది. నిన్న మొన్న మొదలైన దీపానికి ఆ పేరు ఎక్కడి నుంచి వస్తుంది?

నల్లగొండ_అచ్చు:
గడియారం సెంటర్ దగ్గర అచ్చుపని చేసుకునేవాడిని కనుక నాకు తెలిసినది చెబుతాను. 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, సరుకు పేరు, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు, ఈమెయిల్ తప్పనిసరిగా ఉండాలి. ఈ వివరాలు ఇంగ్లిష్‌లో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండాలి. వాటికి తోడుగా తెలుగు వేసుకోవచ్చు కాని, తెలుగు ఒక్కటే సరిపోదు. కాబట్టి ముందువైపు ఏ మాట వేసినా వెనుక ఇంగ్లిష్ లేబుల్ ఎలాగూ కావాలి.

అంతకంటే ముఖ్యమైనది కాగితం. మామూలు కాగితపు స్టిక్కరు సువాసన నూనెను పీల్చి నెలలోపే జిడ్డు మరకలు పడుతుంది. కొరియర్ చీటీలు కొట్టే థర్మల్ ప్రింటర్‌తో చవకగా వేయించవద్దు. అది వేడితోనే అచ్చవుతుంది కనుక వేడి బాగా తగిలితే చీటీ నల్లబడుతుంది. మన జిల్లాలో మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, సీసాల్లో పోసే సోయా మైనం 50 డిగ్రీల దరిదాపుల్లోనే కరుగుతుంది. రేకుల షెడ్డులో మైనం మెత్తబడి పైన నూనె చెమర్చినప్పుడు లేబుల్ నిలవాలంటే ప్లాస్టిక్ పొర స్టిక్కరు మీద మ్యాట్ లామినేషన్ చేయించడమే మేలు.

దేవరకొండ_బడి:
అడిగిన ప్రశ్న మాట గురించి. కొవ్వు, వత్తి కలిసి కొవ్వొత్తి అయింది. జంతువుల కొవ్వు కరిగించి వత్తులు చేసిన కాలపు మాట అది. మోంబత్తిలోని ‘మోం’ అంటే ఉర్దూలో మైనమే. అంటే మన తెలంగాణ ఇళ్లలో వాడే మాటే సీసాలో ఉన్న వస్తువును నిజంగా చెబుతోంది. పుస్తకాల్లో లేదన్న కారణంతో ఆ మాటను తక్కువ చేయకూడదు. నేను పిల్లలకు కొవ్వొత్తి అనే నేర్పాను, ఇంటికి వెళ్లి మోంబత్తి వెలిగించుకున్నాను. ఇన్నేళ్లూ ఆ తేడా నన్ను బాధిస్తూనే ఉంది.

చౌటుప్పల్_చెల్లి:
మా అమ్మమ్మ కూడా మోంబత్తి అనే అనేది. అదే వేయండి అక్కా.

పాలమూరు_గంప:
కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడినవారు నా కొనుగోలుదార్లలో సగం మంది. వారికి మోంబత్తి అంటే కొత్తగా ఉంటుంది.

నల్లగొండ_అచ్చు:
మరొక మాట. ‘కొవ్వు లేదు’ అని వేయించాలనుకుంటే, మైనం అమ్మినవారిని ముందుగా అడగండి. మైనం గట్టిపడటానికి కలిపే స్టియరిక్ ఆమ్లాన్ని పామాయిల్ నుంచీ తీస్తారు, జంతువుల కొవ్వు నుంచీ తీస్తారు. రుజువు లేకుండా ఆ మాట అచ్చు వేయకూడదు.

మూసీ_ఒడ్డు:
నిన్నటి నుంచి చదువుతున్నాను. సూర్యాపేట దగ్గర ఒకరి వద్ద మూడేళ్లు మైనం పోశాను, సీసాకు ఇంత అని కూలి ఇచ్చేవారు. లేబుల్ మీద ‘చేతితో చేసినది’ అని బంగారు అక్షరాలతో ఉండేది. ఎవరి చేతితో అన్నది ఎక్కడా ఉండేది కాదు. గాజు బరువు కూడా కలిపి నికర బరువని వేసేవారు. ఒకరు తూకం వేసి గొడవ చేసినప్పుడు, మైనం తక్కువ పోశామని మా కూలిలో కోత పెట్టారు. నా కుడిచేతి వేళ్ల మీద కాలిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. తయారు చేసినవారు, ప్యాక్ చేసినవారు వేరైతే ఇద్దరి పేర్లూ ఉండాలని ఆ నిబంధనల్లోనే ఉంది. గంప గారూ, మీరు కొని అమ్మే సీసాల మీద ఎవరి పేరు ఉంటుంది?

పాలమూరు_గంప:
వెనుక తయారీదారు పేరు, చిరునామా ఉంటాయి, వాటిని నేను ఏనాడూ దాచలేదు. ముందువైపు నా పేరే ఉంటుంది, ఉండాలి కూడా. కిందటేడు ఒక ఇంట్లో దీపం అడుగంటా కాలి సీసా పగిలి, టేబుల్ మీద అద్దం పోయింది. వారు ఫోన్ చేసింది నాకు, డబ్బు కట్టింది నేను. పోసినవారు ఆ రోజు ఫోన్ ఎత్తలేదు. నన్ను దొంగలాగా నిలబెట్టి అడగడం న్యాయం కాదు.

మూసీ_ఒడ్డు:
అరగంగుళం మైనం మిగిలి ఉండగానే ఆర్పాలని, నాలుగు గంటలకు మించి వెలిగించవద్దని లేబుల్ మీద వేసి ఉంటే ఆ సీసా పగిలేది కాదేమో. ఆ హెచ్చరికకు చోటు లేకపోయింది కాని, మీ పేరుకు మాత్రం ముందువైపంతా చోటు దొరికింది.

మిర్యాలగూడ_మైనం:
దయచేసి ఆపండి. నేను ఒక మాట గురించి అడిగాను. ఇక్కడ ఎవరి పాత గొడవలో వారు కొట్టుకుంటున్నారు.

మూసీ_ఒడ్డు:
అక్కా, మీ మొదటి పోస్టు మళ్లీ చదవండి. ‘పోస్తున్నాను’ అని ఉంది, ఆ తరువాతే ‘నాతోపాటు ఇద్దరు’ అని ఉంది. ఆ ఇద్దరూ మీ లేబుల్ మీద ఉంటారా?

మిర్యాలగూడ_మైనం:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. ఉండరు. అచ్చుకు పంపిన నమూనాలో నా పేరు ఒక్కటే ఉంది. అప్పు నా పేరు మీద తెచ్చాను, ఫిర్యాదుకు ఫోన్ నంబరు నాదే, కాబట్టి తయారీదారుగా నా పేరు ఉండటంలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే ఈ నెలలో అమ్మిన సీసాల్లో సగానికి పైగా నేను పోసినవి కావు. వత్తిని నడిమధ్యన నిలబెట్టడంలో వారిలో ఒకామెకు ఉన్న నేర్పు నాకు లేదు. ఆమె పోసిన సీసా చివరిదాకా సమంగా కాలుతుంది, నేను పోసినది అప్పుడప్పుడు ఒక పక్కకే కాలి గాజు నల్లబడుతుంది. ఇది తెలిసి కూడా ‘మోంబత్తి’ నిజమైన మాటా కాదా అని మూడు రోజులుగా వాదిస్తూ కూర్చున్నాను. వారిని ఎలా చేర్చాలో చెప్పండి. చట్టం అడిగే చోట నా పేరు ఉంటుంది.

పాలమూరు_గంప:
మీ మేలు కోరి చెబుతున్నాను, వారి పేర్లు వేయకండి. నేను పేర్లు పరిచయం చేసిన ఇద్దరు ఆరు నెలలు తిరగకముందే నా కొనుగోలుదార్లకే నేరుగా అమ్మడం మొదలుపెట్టారు. మొదటి నుంచీ నా భయం ఇదే. తెలుగు, ఇంగ్లిష్ అన్నది దాని తరువాతి మాట.

మూసీ_ఒడ్డు:
అలా అమ్ముకుంటే తప్పేమిటి? వారి పని వారిది.

మిర్యాలగూడ_మైనం:
గంప గారూ, ఆ భయం నాకూ ఉంది. ఉన్నా వేస్తాను.

నల్లగొండ_అచ్చు:
వెయ్యి లేబుళ్లు ఒకే అచ్చులో కావాలంటే ఎవరు ఏ సీసా పోశారో ముందే అచ్చు వేయడం కుదరదు. ‘పోసిన చేయి’ అని వేసి పక్కన గీత వదులుతాను, ఎవరి సీసా మీద వారు పెన్నుతో పేరు రాసుకోవచ్చు. కాని లామినేషన్ మీద పెన్ను సిరా నిలవదు, చేయి తగిలితే తుడుచుకుపోతుంది. కాబట్టి ముందువైపు లేబుల్‌కు లామినేషన్ ఉంచి, ఈ గీతకు మాత్రం సీసా అడుగున వేరే గుండ్రటి కాగితపు చీటీ అంటిద్దాం. దాని మీదే నెల, సంవత్సరం కూడా వేసుకోవచ్చు. హెచ్చరికలు వెనుక లేబుల్ మీద తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ వేస్తాను.

మూసీ_ఒడ్డు:
అడుగున ఎవరు చూస్తారు?

మిర్యాలగూడ_మైనం:
నిజమే. వెనుక లేబుల్‌లోనే రెండు అంగుళాల చోటు లామినేషన్ లేకుండా వదలగలరా అన్నా? ఖర్చు పెరిగితే వెయ్యికి బదులు ఆరు వందలు వేయండి. ముందువైపు మాట మోంబత్తి.