పేరు సంగీత కళాశాల వల్లా, గురువుల వల్లా?

ఎంవీపీ కాలనీ నాన్న:
మా అమ్మాయికి పదకొండేళ్లు, కర్ణాటక సంగీతంలో వర్ణాల దాకా వచ్చింది. పెద్దయ్యాక విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో డిప్లొమా చేయిద్దామని నేనంటే, "ఘంటసాల చదివారని అందరూ ఘంటసాలలైపోతారా? ఇక్కడే విశాఖలో మంచి మేష్టారిని చూడండి" అంటుంది మా ఆవిడ. 1919 నుంచి ఆ పేరు నిలిపింది కళాశాలా, పాఠం చెప్పినవాళ్లా?

వాల్తేరు శ్రోత:
చెప్పినవాళ్లే! మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు ఏ సంగీత కళాశాలలో చదివారు? ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాళ్ల అన్నగారి దగ్గర ఫిడేలు పట్టారు. విద్యార్థిగా చేరదామని వస్తే, వాయిద్యం విని మేష్టారి ఉద్యోగమే ఇచ్చారని చెప్పుకుంటారు. మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని, తింటున్న ఘంటసాల గారిని చేరదీసి పాఠం చెప్పింది పట్రాయని సీతారామశాస్త్రి గారు. సిలబస్ చేసే పనేనా అది?

గంటస్తంభం (ఇప్పుడు గాజువాక):
బావుందండీ, మరి ఆ శాస్త్రి గారు ఎక్కడ పనిచేసేవారు? ఆ కాలేజీలోనే కదా! కృష్ణా జిల్లా కుర్రాడు ఉంగరం అమ్ముకుని అంతదూరం వచ్చింది అక్కడ బడి ఉందని తెలిసే. రాజుగారి కొలువులో ఉద్యోగి కొడుకు, చూపు లేని పిల్లాడు, పాట నేర్చుకుంటానంటే విజయరామ గజపతి రాజు గారు ఏకంగా కళాశాలే పెట్టించారని మా ఊళ్లో చెబుతారు. గురువు గారింట్లో నేర్చుకోవాలంటే ముందు ఆయన మనల్ని గుమ్మం దాటనివ్వాలి. ఎవరి తాలూకు, ఏ కులం, ఇంటి చాకిరీ చేస్తావా... ఇవన్నీ అయ్యాక సరళీ స్వరాలు. ఆ రోజుల్లో ఆడపిల్లని అలా వదిలే తల్లిదండ్రులెందరు? పి. సుశీల గారు ఈ కాలేజీలోనే డిప్లొమా చేశారు. గురుకులం గొప్పదని పాడేవాళ్లు ఈ సంగతి మాత్రం ఎత్తరు.

వాల్తేరు శ్రోత:
సుశీల గారి మాట సరే. గాయకులు నేదునూరి కృష్ణమూర్తి గారి సంగతి చెప్పండి. అక్కడ చదివినా, శ్రీపాద పినాకపాణి గారి దగ్గర చేరాకే కదా ఆ బాణీ తేలింది. పినాకపాణి గారు వృత్తికి డాక్టరు, సంగీత కళాశాల మేష్టారు కాదు.

గంటస్తంభం (ఇప్పుడు గాజువాక):
పునాది లేకుండానే పై అంతస్తు లేచిందా? ఆ నేదునూరి గారే తర్వాత అదే కళాశాలకి ప్రిన్సిపాల్‌గా వచ్చారు.

వాల్తేరు శ్రోత:
వచ్చారు. గాయకులు మల్లాది సోదరులు తయారైంది మాత్రం ఆయన దగ్గర శిష్యరికం చేసి, క్లాసులో హాజరు వేయించుకుని కాదు.

సింహాచలం సంపెంగ:
మీ ఇద్దరి గొడవలో ఆ పిల్లని మర్చిపోయారు. నాన్నగారూ, డిప్లొమాకి ఇంకా టైముంది, విజయనగరం అరవై కిలోమీటర్లు, రోజూ పంపే వయసు కాదు. ఇప్పటికి ఇక్కడే మేష్టారిని చూడండి. పిఠాపురం కాలనీ కళాభారతిలో కచేరీలకి తీసుకెళ్లండి, పిల్ల చెవి అక్కడ పెరుగుతుంది. పదో తరగతి అయ్యాక కాలేజీ సంగతి తననే అడగండి. అన్నట్టు, తనకి గాత్రమా, వయొలినా? అది చెప్పనేలేదు మీరు.