హేజ్‌లో మన విత్తనం ఉందా? శీలావతి పుట్టుక మీద చర్చ

కొండవీటి వాడు
హేజ్ అనే గంజాయి రకం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1970ల ప్రాంతంలో కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో ఇద్దరు అన్నదమ్ములు దాన్ని తయారుచేశారని అంటారు. వాళ్లకు పొరుగువాడినని చెప్పుకునే స్కంక్‌మన్ శామ్ కథ ప్రకారం అందులో కొలంబియా, మెక్సికో, థాయ్‌లాండ్, దక్షిణ భారతదేశం మొక్కలు కలిశాయి. ఆ విత్తనం తరవాత నెదర్లాండ్స్ చేరింది. 1980లలో నెవిల్ షూన్‌మేకర్స్ అనే విత్తనాల వ్యాపారి దాని నుంచి కొత్త రకాలు తీశాడు. 1997 నుంచి వరసగా మూడేళ్లు ఆమ్‌స్టర్‌డామ్ గంజాయి పోటీలో గెలిచిన సూపర్ సిల్వర్ హేజ్ కూడా ఆ వంశమే. దక్షిణ భారతదేశం అనగానే అందరూ కేరళ అనేస్తారు. మన చింతపల్లి, పాడేరు కొండల్లో పండే శీలావతి అనే గంజాయి రకం ఎందుకు కాకూడదు? గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం. దీని దగ్గరికి వచ్చేసరికి నోరు పడిపోతుంది ఎందుకు?

గుణదల మెట్లు
ఈ వేదికను పోలీసులు కూడా చదువుతారు నాయనా.

పాతకాగితం
‘ఎందుకు కాకూడదు’ అనేది చరిత్ర కాదు బాబూ. శీలావతి అనే పేరున్న 1970ల నాటి కాగితం ఒక్కటి చూపించండి, ఒప్పుకుంటాను. పైగా ఇడుక్కిలో దాడులు పెరిగాక అక్కడి సాగుదార్లు మన మన్యానికి వచ్చారనీ, విత్తనం వాళ్ల వెంటే వచ్చిందనీ ఇంకో కథ ఉంది. అది నిజమైతే మీ శీలావతి మన ఇంటి ఆడపడుచు కాదు, కేరళ నుంచి వచ్చిన కోడలు.

అసలు మన సాగు కోసం అంత దూరం పోవడం దేనికి? 1893–94లో బ్రిటిషు ప్రభుత్వం గంజాయి, భంగు, చరస్‌ల మీద ఒక కమిషన్ వేసింది. 1193 మంది సాక్షులు, ఏడు సంపుటాల నివేదిక. అందులో మద్రాసు ప్రెసిడెన్సీ భాగంలో కృష్ణా జిల్లా సాగు ప్రస్తావన ఉంది. సాగు జరిగిన ఊరు దగ్గుబాడు. ఇప్పుడు బాపట్ల జిల్లా. మొదట కృష్ణా, 1904లో గుంటూరు, 1970లో ప్రకాశం, 2022లో బాపట్ల. ఊరు కదలకుండానే నాలుగు జిల్లాలు తిరిగింది.

కొండవీటి వాడు
చూశారా! దగ్గుబాడుకు కాస్త దూరంలోనే చినగంజాం. ఊరి పేరులోనే సాక్ష్యం ఉంది. ఇంకేం కావాలి?

పాతకాగితం
ఇదిగో, ఇలాంటివే చరిత్రకు పట్టిన చెదలు. గంజాంకూ గంజాయికీ సంబంధం లేదు. పారసీలో గంజ్ అంటే ఖజానా, కొట్టు, సంత. ఒడిశాలో గంజాం జిల్లా ఉంది, అక్కడివాళ్లందరూ గంజాయి పండించారా? చినగంజాం ఉప్పు కొటార్ల ఊరు. నేను ముప్ఫై ఏళ్లు గ్రంథాలయంలో పనిచేశాను. పేర్ల సారూప్యం చూసి పరిశోధన చేసేవాళ్లను వారానికి ఇద్దరిని చూసేవాణ్ణి.

కొండవీటి వాడు
మాస్టారూ, ఉప్పు ఉన్నంత మాత్రాన గంజాయి లేదని ఎలా అంటారు?

పాతకాగితం
నేను అన్నది ఊరి పేరు గురించి.

కొండవీటి వాడు
నేను అంటున్నదీ ఊరి పేరు గురించే.

పుప్పొడి
ఇద్దరూ కాసేపు ఆగండి. నేను వృక్షశాస్త్రం చెబుతాను. 1753లో లిన్నేయస్ ఈ మొక్కకు సాటైవా అని పేరు పెట్టాడు. 1785లో లామార్క్ భారతదేశం నుంచి వచ్చిన మొక్కలను చూసి, ఇవి వేరు అని ఇండికా అన్నాడు. అవి సన్నటి ఆకుల మొక్కలు. ఈనాటి విత్తన వ్యాపారులు సరిగ్గా ఆ సన్నాకు రకాలనే సాటైవా అంటున్నారు, అఫ్గానిస్తాన్ వైపు పొట్టి వెడల్పాకు రకాలను ఇండికా అంటున్నారు. జాతి పేర్లే తలకిందులైన చోట రకం పేరు పట్టుకుని వంశవృక్షం గీస్తారా?

ఇందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పుప్పొడి గాలికి పోతుంది. పక్క చేలో ఏముంటే అది కలుస్తుంది. 2015లో కెనడా పరిశోధకులు చాలా నమూనాల జన్యువులు పోల్చి చూస్తే, పేరుకూ జన్యువులకూ తరచూ పొంతన లేదని తేలింది. ఇక హేజ్ అంటారా, అది దాదాపు అంతా కొలంబియా విత్తనమే, మిగతా దేశాలు తరవాత అతికించిన కథ అనేవాళ్లు కూడా ఉన్నారు.

మిర్చి యార్డు దారి
పుప్పొడి గారు చెప్పిందే నా అనుభవం. మూడేళ్ల కిందట తేజ అని చెప్పి ఇచ్చిన మిర్చి విత్తనం వేశాను. నాలుగెకరాలు, అందులో మూడు కౌలు. నా దగ్గర ప్యాకెట్టు ఉంది, బిల్లు ఉంది, లాటు నంబరు ఉంది. కాయ దిగాక చూస్తే అది తేజ కాదు, నాకు తెలిసిన ఏ రకమూ కాదు. వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకున్నారు, ఆకులు తీసుకెళ్లారు, వాతావరణం అన్నారు. కోతకూలి కూడా రాలేదు. బిల్లు ఉన్న నా విత్తనం పుట్టుకే ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. యాభై ఏళ్ల కిందట పరాయి దేశంలో సంచి అడుగున దొరికిన గింజ ఏ ఊరిదో ఇక్కడ కూర్చుని తేలుస్తారా?

కొండవీటి వాడు
మీ నష్టానికి బాధగానే ఉంది గానీ, దానికీ హేజ్‌కూ ఏమిటి సంబంధం?

మిర్చి యార్డు దారి
రెండూ విత్తనాలే.

గుణదల మెట్లు
ఈ చర్చలో ఇప్పటివరకు నాకు అర్థమైన వాక్యం ఇదొక్కటే.

పాడేరు ఆఖరి బస్సు
నేను ఇక్కడ రాయకూడదనుకున్నాను. పదకొండేళ్లుగా మన్యంలో బడి పంతులును. ‘మన కొండల శీలావతి’ అని రాసిన మనిషి ఆ కొండ ఎప్పుడైనా ఎక్కాడా? ఆ పేరు నేను కొండ మీద ఎవరి నోటా వినలేదు. సెలవులకు ఇంటికి వస్తుంటే విజయవాడ బస్సులో విన్నాను, ఇద్దరు కుర్రాళ్లు నవ్వుతూ చెప్పుకుంటుంటే.

నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లవాడు మూట మోశాడు. 22 కిలోలు. 20 కిలోలు దాటితే చట్టంలో లెక్క మారిపోతుంది. నేరం రుజువైతే పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా. మూట ఎవరిదో, ఎక్కడికి పోతోందో వాడికి తెలియదు. వాయిదాకు వెళ్లి రావడానికి వాళ్ల అమ్మకు రెండు రోజులు పడుతుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోలు ఒకే రోజు తగలబెట్టారు. ఆ పొగ మీకు వార్త. దాన్ని మోసినవాళ్ల పేర్లు నా హాజరు పట్టీలో ఉన్నాయి. లాభం పంచుకునేటప్పుడు లేని ‘మన’ ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

కొండవీటి వాడు
నేను అంటున్నదీ అదే కదా పంతులుగారూ! అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దుకాణం పెట్టి, రంగు కాగితం చుట్టి అమ్ముతున్నారు. విత్తనం పేరు పెట్టినవాడికి బహుమతులు, మూట మోసినవాడికి జైలు. ఈ అన్యాయం గురించే నేను మాట్లాడుతున్నాను.

బందరు కాలువ
లేదు, మీరు మాట్లాడుతున్నది గొప్ప గురించి. మొదటి నుంచి చదువుతున్నాను. వంశం, బహుమతులు, పోటీలు. నా తమ్ముడు గుంటూరులో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతూ ఇల్లు చేరాడు. గోడలోంచి ఎవరో పిలుస్తున్నారంటాడు. డాక్టరు ముందే ఉన్న జబ్బు కావచ్చు, గంజాయి దాన్ని బయటికి తెచ్చి ఉండవచ్చు అన్నారు. ఏది నిజమో నాకు తెలియదు, అందుకని అందరికీ ఇలాగే అవుతుందని నేను అనను. కానీ వాడు గదిలో దాచుకున్న పొట్లం మీద పెన్నుతో ఒక పేరు రాసి ఉంది. అలాంటి పేర్లకు మీరు ఇక్కడ పురాణం రాస్తున్నారు.

కొండవీటి వాడు
అక్కా, మీ తమ్ముడి సంగతి నాకు తెలియదు. క్షమించండి. కానీ గొప్ప కోసం అన్నారు కాబట్టి చెబుతాను, ఇది ఎక్కడా రాయలేదు. మా నానమ్మ పుట్టిల్లు ఆ దగ్గుబాడు పక్క ఊరే. వాళ్ల తాతగారు సర్కారు లైసెన్సు మీద గంజాయి వేశారట. పన్ను కట్టి, పంటంతా లెక్క చెప్పి. మాస్టారు ఆ ఊరి పేరు రాసినప్పుడు నా చేతులు వణికాయి. ఆ ఇంటికి ‘గంజాయి వాళ్లు’ అనే పేరు మూడు తరాలు ఉండిపోయింది. మా మేనత్తకు కుదిరిన సంబంధం ఆ మాట మీదే తప్పిపోయింది. పొగాకు వేసినవాళ్లు కామందులయ్యారు, మేము మాత్రం నోరు విప్పకూడదు. ఎక్కడో కాలిఫోర్నియాలో ఆ మొక్కకు గౌరవం దొరికిందంటే, అందులో మాది కొంచెం ఉండాలనిపించింది. అంతే.

బందరు కాలువ
మీ తాతల పంటకు సిగ్గుపడమని నేను అనలేదు. అది ఈ మొదటి టపాలో రాసి ఉంటే నేను ఇంత మాట అనేదాన్ని కాదు. అయినా ఆ గౌరవం శీలావతి పేరు మీద అడగకండి.

పాడేరు ఆఖరి బస్సు
నాదీ అదే మాట. మీ కథ మీ ఊరిది. దానికి మా కొండ అక్కర్లేదు.

పాతకాగితం
బాబూ, ఒక్క విషయం. ఆ లైసెన్సు కాగితం ఇంట్లో ఉందా?

కొండవీటి వాడు
నానమ్మ ట్రంకు పెట్టెలో ఏవో రసీదులు ఉన్నాయి మాస్టారూ. సగం చెదలు తినేశాయి.

పాతకాగితం
మిగిలిన సగం ముట్టుకోవద్దు, మడతలు విప్పవద్దు, ఎండలో అసలు పెట్టవద్దు. ఆదివారం నేనే వస్తాను. హేజ్‌కు ఇక్కడితో సెలవు, నాకు ఆ పెట్టె చాలు. చినగంజాం విషయంలో మాత్రం నా మాట మారదు.

మిర్చి యార్డు దారి
పెట్టెలో గింజలు గనక దొరికితే పొరపాటున కూడా మట్టిలో వేయకండి. మొలిస్తే కేసు, మొలవకపోతే నాలాగా ఫిర్యాదు చేసుకోవడానికి బిల్లు కూడా ఉండదు.